బెల్లం నీళ్ళు తాగిన విత్తనాలు

మా వాడలో వ్యవసాయ కాలేజీలో చదివే అమ్మాయి ఒకామె ఉంది. మొన్న పుస్తకం పట్టుకొని వచ్చి, "అమ్మమ్మా, మేలు చేసే బాక్టీరియా పైరు వేళ్ళ దగ్గర చేరి హార్మోన్లు తయారు చేస్తదంట. పరీక్షల గిదే ప్రశ్న వస్తది. నువ్వు గా రోజులల్ల గిదే పని చేసినవంట గద, జర చెప్పరాదూ" అని అడిగింది.

పరీక్షకు పనికొచ్చేట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాయన చర్చిలో ఉపదేశి. ఊళ్ళు తిరిగి వచ్చాక, సాయంత్రం పూట నన్ను పీటమీద కూర్చోబెట్టి తెలుగూ, లెక్కలూ, అక్కరకొచ్చేంత ఇంగ్లీషూ నేర్పాడు. అంతే నా చదువు. హార్మోను సంగతి నాకు తెలిసిందల్లా ఒక రైతు ఇల్లాలి ఇంట్లో, ఒక గోనెసంచి ముందర కూర్చొని తెలిసిందే. అదే ఆ పిల్లకు చెప్పాను. ఆమె నవ్వి నవ్వి, తన తోటివాళ్ళు కూడా చదువుకుంటారు రాసియ్యమంది. అందుకని రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది అప్పటికి. నేను మెదక్‌లో ఒక దవాఖానలో సూదులు, కత్తెరలు మరగబెట్టే పనిలో ఉండేదాన్ని. కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒక వ్యవసాయాధికారి, నేను మరిగిన కత్తెరను ఎక్కడా తగలనీయకుండా పట్టుకొనే తీరు చూశాడు. "మా గదికి ఇట్లాంటి చెయ్యి కావల్ల" అన్నాడు. ఆయనది కర్నూలు వైపు మెట్ట ప్రాంతం. నాకంటే చిన్నవాడు. దవాఖాన నుంచి వచ్చానని నన్ను "సిస్టర్" అని పిలిచేవాడు. నేను నర్సును కానని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఉండనీలే అనుకొని నేనే ఊరుకున్నాను. ఆ పనిలో రిటైరయ్యేదాకా అన్నం తిన్నాను. ఆ కాలి పుండుకు నేను దేవునికి వందనాలు చెప్పుకోని సంవత్సరం లేదు.

మా ప్రయోగశాల అంటే ఆఫీసు వెనకాల ఒక్క గది. ఒక కిరోసిన్ పొయ్యి, ఒక పెద్ద కుక్కరు, సీసాలు, దూది. జొన్న మొదళ్ళ దగ్గరి మట్టిలోంచి అజటోబాక్టర్ అనే బాక్టీరియాను పట్టి, తీపి ద్రవంలో పెంచేవాళ్ళం. కొన్నాళ్ళకు ద్రవం మీద మీగడలాగా కట్టి, గోధుమరంగుకు తిరిగేది. దాన్ని మెత్తని బొగ్గుపొడిలో కలిపి, పొట్లాలు కట్టి రైతులకు ఇచ్చేవాళ్ళం. జొన్న రైతులకు చెప్పే పద్ధతి చిన్నదే. పలుచటి బెల్లం నీళ్ళతో పొడిని గింజలకు పట్టించాలి, నీడన ఆరబెట్టాలి, వెంటనే విత్తాలి. బెల్లం ఎందుకంటే, పొడి గింజకు అంటుకోవడానికి. అంతకుమించి దానికి అక్కడ పనిలేదు.

ఆ బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తుందని అందరూ చెప్పేవారు. మా సార్ మాత్రం ఇంకో మాట చెప్పేవాడు. "ఇవి ఎరువు ఒకటే కాదు సిస్టర్, చెట్టు తనకు తాను చేసుకునే పెరుగుదల మందు ఉంటుంది చూడు, ఆక్సిన్ అని, దాన్ని కూడా ఇవి చేసి వేరుకు అందిస్తాయి" అనేవాడు. ఆ మందు ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. ద్రవాన్ని వడగట్టి, ఇనుప లవణం కలిపిన ఘాటైన ఆమ్లాన్ని పోసి, చీకట్లో కాసేపు పెడితే గులాబీ రంగు వస్తుంది. మా సీసాల్లో వచ్చే రంగు ఉండీ లేనట్టుండేది. కిటికీ దగ్గర పట్టుకొని, "ఉన్నట్టే గదా సిస్టర్?" అని ఆయన అడిగేవాడు. "ఉన్నట్టే సార్" అనేదాన్ని. ఇద్దరం ఒకరి మాట ఒకరం నమ్మేవాళ్ళం.

ఇక ఆ ఇల్లాలి సంగతి. పాపన్నపేట వైపు మంజీర కాలువ కింద వరి పండించే ఊరు వాళ్ళది. ఆమె భర్త జబ్బుపడి మా దవాఖానలోనే పోయాడు. ఆ రోజుల్లో ఆమెకు నేను నీళ్ళిచ్చేదాన్ని, పక్కన కూర్చొనేదాన్ని. అంతకుమించి ఏమీ చేయలేదు. ఆమె మాత్రం మరిచిపోలేదు. సంతకు మెదక్ వచ్చినప్పుడల్లా నన్ను వెతుక్కుంటూ వచ్చేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది.

భర్త పోయాక వచ్చిన మొదటి వానాకాలం అది. పిల్లలు చిన్నవాళ్ళు. మరిది ఎడ్లున్నవాడు, పొలమున్నవాడు. "ఆడిది ఎవుసం చేసుడేంది, నాకు పాలుకియ్యి" అని కూర్చున్నాడు. పాలు అంటే పొలం ఆమెది, సేద్యం అతనిది, పంట చెరిసగం. వినడానికి బాగానే ఉంటుంది. ఆ ఊళ్ళో పాలుకు పోయిన పొలం తిరిగి రావడం ఎవరూ చూడలేదని ఆమే చెప్పింది. "ఒక్క పంట నేను తీస్తె సాలు చెల్లె. ఒక్కటి తీసి సూపిస్తె మల్ల అడుగడు. గిదొక్కటి తప్పితే మాత్రం పొలం పోయినట్టే" అంది.

మా పొట్లాల గురించి అడిగి, తానే తీసుకుపోయింది. సార్ జొన్నకు చెప్పిన పద్ధతే ఆమెకూ చెప్పాడు. వరికి మండె కడతారని ఆయన పుస్తకంలో చదివాడేమో గాని, కంటితో చూడలేదు. మండె అంటే, వడ్లను నానబెట్టి, గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి, మీద బరువు పెట్టి మొలకెత్తించడం. మొలకలు వచ్చాక సంచి విప్పి దున్ని పెట్టుకున్న నారుమడిలో చల్లుతారు, అల్కడం అంటారు దాన్ని అక్కడ. ఆ ఊళ్ళో వాళ్ళకది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కాబట్టి ఆమె ఏమీ అడగలేదు, ఆయన ఏమీ చెప్పలేదు.

పోయేముందు ఆమె పొట్లం విప్పి, వాసన చూసి, "గీ నల్లపొడిల ఏమున్నది?" అని నన్ను అడిగింది.

"జీవాలున్నయ్ అక్కా. కంటికి కనబడయ్. పానమున్నవే" అన్నాను.

"పానమున్నవా!" అని పొట్లాన్ని నెమ్మదిగా మడిచి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు కొంగులో పెట్టుకుంది. నాకు ఎంతో ముచ్చటేసింది.

కొన్నాళ్ళకు, ఒకరోజు పొద్దున మేము గది తెరుస్తుంటేనే ఆమె మొదటి బస్సులో దిగి వచ్చింది. కొంగు ముడి విప్పి నాలుగు మొలకలు బల్లమీద పెట్టింది. వరి మొలకకు సన్నగా, తెల్లగా, పొడుగ్గా వేరు రావాలి. వీటికి వేరు గోరంత వచ్చి ఆగిపోయింది. లావుగా, ముద్దగా, దానిమీద నూగు నూగుగా పిల్లవేళ్ళు, వెంట్రుకలు.

"పొలం దున్ని పెట్టిన చెల్లె. నీళ్ళు పెట్టిన. ఇయ్యాల అల్కాలె. మా మరిది సూసిండు. వదినా, మండె కట్టినవా, కల్లుకుండ పెట్టినవా అని నవ్విండు. ఇత్తనం నేనిస్త, పొలం గియ్యేడు నేను జేస్త అంటుండు. వేరే ఇత్తనం నా ఇంట్ల గింజ లేదు."

సార్ మొలకను భూతద్దం కింద పెట్టి ఎంతోసేపు చూశాడు. తర్వాత, "బస్సు ఎప్పుడుంది?" అని అడిగాడు. ముగ్గురం పోయాం.

వాళ్ళింటి కొట్టంలో మండె దగ్గరికి పోతుంటేనే తీపీ పులుపూ కలిసిన వాసన. మరిది గడపలో కూర్చొని చుట్ట తాగుతున్నాడు. లేచి నిలబడి, "రాండ్రి సార్, రాండ్రి. సర్కారు మందు ఎట్ల పనిజేసిందో సూడుండ్రి" అన్నాడు. అందులో ఎంత మర్యాద ఉందో అంత వెక్కిరింపూ ఉంది.

సార్ సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. వెచ్చగా ఉంది, జిగటగా ఉంది. ఆయన ఆమెవైపు తిరిగి, "అమ్మా, బెల్లం ఎంత పోసినావు?" అని అడిగాడు.

"మీరు జెప్పినంతనే సార్."

"ఒక్కసారే?"

"మొదలు ఒక్కసారే, నానిన వడ్లకు పట్టిచ్చి మండె కట్టిన. తర్వాత రోజు పొద్దుగాల్ల ఇంత, పొద్దూకి ఇంత పోసిన."

"ఎందుకమ్మా?"

"చెల్లె పానమున్న జీవాలని జెప్పింది గద! ఇంటికొచ్చినయ్, మనకు పనిజేసేటియి, కడుపుల ఏమన్న పెట్టద్దా? మా ఇంట్ల కూలికొచ్చినోళ్ళకు గూడ పొద్దుగాల్ల జొన్న గట్క పోసినంకనే పనికి తోలుత."

మరిది పగలబడి నవ్వాడు. "పురుగులకు గట్క వోసిందంట! ఓ వదినా, జర చాప గూడ ఏసి పండవెట్టకపోయినవా?"

నాకు నవ్వు రాలేదు. మా సార్‌కు కూడా రాలేదు. ఆయన మొలకను వేళ్ళ మధ్య నలిపి చూశాడు, వాసన చూశాడు. "వేరు తెల్లగా ఉంది, గట్టిగా ఉంది. ఇది కుళ్ళు కాదు సిస్టర్" అన్నాడు గొంతు తగ్గించి. "తీపి దండిగా దొరికింది, వెచ్చగా ఉంది, విత్తనంలోంచి ఊరే సారం ఉంది. మన బాక్టీరియా తిని తిని ఆక్సిన్ ఎక్కువ చేసిపెట్టి ఉండొచ్చు. కొద్దిగా అందితే వేరుకు పిల్లవేళ్ళు పుట్టిస్తుంది అది. ఎక్కువైతే తల్లివేరు పొడుగు ఆపేస్తుంది. అదే అయితే కడిగితే సరిపోతుంది. కుళ్ళే అయితే మాత్రం, కడిగి చల్లినా మడి నాశనం."

"ఏదో ఎట్ల తెలుస్తది సార్?"

"గులాబీ రంగు చెప్పాల."

సంచి కింద కారిన నీళ్ళను సీసాలోకి పట్టుకున్నాడు. ఒట్టి బెల్లం నీళ్ళు ఇంకో సీసాలో కలుపుకున్నాడు. బెల్లమే రంగు తెప్పిస్తే మోసపోతామని. తిరుగు బస్సులో మెదక్ పోయాడు. నన్ను అక్కడే ఉండమన్నాడు. కొన్ని మొలకలు మంచినీళ్ళతో కడిగి తడిగుడ్డ మీద పరిచిపెట్టమన్నాడు.

ఆ పగలు గడవడం ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆమె ఏడవలేదు. బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. "ఏడుపాయల అమ్మకు మొక్కుకున్న చెల్లె. నీ దేవునికి నువ్వు మొక్కుకో. ఎవలు ముందుగాల ఇంటె వాళ్ళే" అంది. నేను గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనకు పెద్ద మాటలు రాలేదు. ఈమెకు ఈ ఒక్క పంట ఇయ్యి తండ్రీ అని, మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే మాట. మరిది రెండుసార్లు వచ్చి పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు విత్తనం మూట తెచ్చి గడప పక్కన పెట్టాడు. పరాచికాలు మానేశాడు. నిజం చెప్పాలంటే ఆ మూట మంచి వడ్లే. చెడ్డవాడేమీ కాదతను. పొలం మీద కన్నుంది, అంతే.

"పొద్దు వంగుతుంది వదినా. మండె విప్పినంక ఆగది. మొలకలు ఎండినా పాయె, ముక్కినా పాయె. నామాటిను."

"సార్ రానీ" అంది ఆమె, తల ఎత్తకుండా.

సార్ ఎండ చల్లబడే వేళకు వచ్చాడు. బస్సు దిగి వీధిలోంచి నడిచి వస్తుంటే చూశాను. రెండు చేతుల్లో రెండు గాజుగొట్టాలు నిటారుగా పట్టుకొని, దేవుని పీఠం దగ్గర దీపాలు పట్టుకున్నట్టు నడుస్తున్నాడు. ఒకదాంట్లో రంగు లేదు. రెండోదాంట్లో చిక్కటి గులాబీ. మా గదిలో ఎన్నడూ చూడని గులాబీ. ఈసారి కిటికీ దగ్గరకు పోయి ఉన్నట్టా లేనట్టా అని అడగవలసిన పనే లేదు.

"బస్సంతా ఒకటే అడగడం సిస్టర్, సర్బత్ ఎక్కడ కొన్నారు, మాకు కొంచెం రుచి చూపించండి అని" అన్నాడు. ఆయన చొక్కా ముందర ఆమ్లం చుక్కలు పడి రెండు చిల్లులు పడ్డాయి. ఆయనకు ఆ సంగతి తెలియనే తెలియదు.

గుడ్డ మీద పరిచిన మొలకలు తెచ్చి చూపించాను. కడిగినవాటిలో కొన్నింటికి ఆ ముద్ద వేరు కొనన సూదిమొనంత తెల్లటి కొత్త కొస కనిపిస్తోంది. కొన్నింటికి లేదు. సార్ ఆమె ముందర గొంతుకూర్చున్నాడు. "అమ్మా, నాకు తెలిసినంతలో ఇది కుళ్ళు కాదు. కడిగితే లేస్తాయి. కానీ అన్నీ లేస్తాయని నేను మాటియ్యలేను. ఆ మూట విత్తనం మంచిదే. నిర్ణయం నీది" అన్నాడు.

ఆమె మొలకల వైపు చూసింది. మూట వైపు చూసింది.

"నడుము వంచినంక ఆగేదేంది" అని ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. "చెల్లె, గంపలు తియ్యి."

మండెలో మొలకలు ఒకదానికొకటి పెనవేసుకొని ఉంటాయి. దులిపితే విరుగుతాయి. చేత్తో పిసికితే చస్తాయి. అందుకని వెదురు గంపల్లో పలుచగా పోసి, కాలువ ఒడ్డుకు మోసుకుపోయి, పారే నీళ్ళలో గంపను అంచుదాకా ముంచి పట్టుకున్నాం. నీళ్ళు వాటంతట అవే బెల్లాన్నీ జిగటనూ తీసుకుపోవాలి. నాట్ల కూలీకి వచ్చే ఆడవాళ్ళు తామే వచ్చి తలా ఒక గంప పట్టారు.

"పసిపిల్లలకు లాల వోసినట్టు వోస్తున్నం గదనే!" అని ఒకామె.

"పోసి సాంబ్రాణి పొగ గూడ ఎయ్యుమంటడేమో సారు!"

"ఎక్కువ తిన్నయంట పాపం, అజీర్తి జేసింది. కాలువ నీళ్ళు తాగితే తగ్గుతది."

నవ్వుల మధ్య పొద్దు గూకింది. కడిగిన మొలకలను కొట్టంలో గడ్డి మీద పలుచగా పరిచి, మీద తడిగుడ్డ కప్పాం. సార్, నేను ఆ ఊళ్ళోనే ఉండిపోయాం. పొద్దున్నే లేచి అందరికంటే ముందు ఆమే గుడ్డ ఎత్తింది.

గదిలో ఏ సీసా ముందరా నేను అంత సంతోషపడలేదు. మొండి వేళ్ళ కొసల నుంచి తెల్లటి కొత్త వేళ్ళు, దారపు పోగుల్లాగా. అన్నీ కావు. చాలా వరకు. పొద్దెక్కకముందే ఆమె తానే నారుమడిలోకి దిగి అల్కింది. నేను గట్టుమీద నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. మా సార్ కూడా ఏదో దుమ్ము పడ్డట్టు కళ్ళు తుడుచుకున్నాడు. వానాకాలం తడి పొలంలో దుమ్ము ఎక్కడిది?

మెదక్ తిరిగివచ్చాక ఆయన చేసిన మొదటి పని, వరి రైతులకు వేరే పద్ధతి ఏర్పాటు చేయడం. మండె విప్పి మొలకలు చల్లబోయే ముందు మాత్రమే పొడి కలపాలి, బెల్లం చెంచాడు చాలు. నేను పొట్లం ఇచ్చిన ప్రతి ఇల్లాలికీ, "ఇవి చుట్టాలు కావమ్మా, తిండి మనం పెట్టద్దు, వాటికి పైరు వేరు తానే పెట్టుకుంటది" అని చెప్పేదాన్ని. అది నిజమే. వేరు దగ్గర ఊరే సారమే వాటి తిండి. దానికి తగినంతే అవి మందు చేస్తాయి, ఆ మందుకు తగినంతే వేరు గుబురవుతుంది. ఆ కొలత దేవుడు మట్టిలో పెట్టి ఉంచాడు. మధ్యలో మనం వడ్డించబోతేనే చిక్కు. పిల్లలారా, మీ పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు వేస్తారో లేదో నాకు తెలియదు.

నారు తీసే రోజు ఆమె కబురు పంపింది. పోయాను. మడిలో వంగిన ఆడవాళ్ళంతా నన్ను చూడగానే ఒక్కసారి లేచారు.

"వచ్చినవా అమ్మా! ఏం మందు పెట్టినవో గని నారు గుంజితే వస్తలేదు. గడ్డల కొద్ది మన్ను లేస్తుంది. నడుములు పోతున్నయ్!"

ఒకామె కట్టను నీళ్ళలో జాడించి నా చేతికిచ్చింది. వేళ్ళు కుంచెలాగా గుబురుగా ఉన్నాయి. పక్క మడి కట్టతో పోల్చి చూశాను. పైన ఆకు రెండిట్లోనూ ఒకలాగే ఉంది. కింద మాత్రం తేడా. ఆ తిట్లన్నీ నాకు దీవెనల్లాగా వినిపించాయి. వాళ్ళు తిడుతుంటే, నేను నవ్వుతుంటే, ఇంకా తిట్టారు. పంట చివరికి ఊళ్ళో అందరితో సమానంగా వచ్చింది. కొంచెం ఎక్కువని ఆమె అనేది, మరిది ఒప్పుకొనేవాడు కాదు. ఏ మాటైనా నాకు చాలు.

ఆ నారు తీసిన రోజే, నాట్లు మొదలుకాకముందు, మరిది గట్టుమీదకు వచ్చి నిలబడ్డాడు. నారుకట్టలు చూశాడు, ఆమెను చూశాడు. చుట్ట నోట్లోంచి తీసి, "వదినా, ఆ చివరి మడి ఇంక సాఫ్ చెయ్యలే గద. మా ఎడ్లు గావాల్నా?" అని అడిగాడు.

ఆమె నడుము ఎత్తకుండానే జవాబిచ్చింది.

"కిరాయికైతే తోలు. పాలుకైతే ఇంట్లనే కట్టేస్కో."